వాడి చూసింది: రిజ్వానా

కవుతరంలో ఎక్కిన ఆడవాళ్ళు సంచులు కాళ్ళ మధ్య సర్దుకుని మాటల్లో పడేసరికి, రిజ్వానా కిటికీ వైపు ముఖం తిప్పుకుని చెవులు మాత్రం బోగీలోకి వదిలేసింది. కుక్కరు విజిల్ వెయ్యకుండా పక్కనుంచి ఆవిరి పోతోందని ఒకామె అంటోంది. ఫ్లాస్కులో పాలు పోస్తే సాయంత్రానికల్లా విరిగిపోతున్నాయని ఇంకొకామె.

"విరగవా మరి? ఆ మూత లోపలి మర విప్పి ఎప్పుడన్నా కడిగిన మొహమేనా నీది?" అని ఎదుటి సీటామె ఎత్తిపొడిచింది.

రిజ్వానా పెదవులు మెల్లిగా కదిలాయి. ఫ్లాస్కులో పాలు ఎందుకు విరుగుతాయి. ఆ ముక్కని, అడిగినావిడ మాటల్లోనే, మనసులో దాచుకుంది.

ఆమె ఉద్యోగం ఇదే. గుడివాడలో ఎరువుల కొట్టు మీద రెండు గదుల ఆఫీసులో వాసు అనే అతను ఒక వెబ్‌సైటు నడుపుతున్నాడు. ఇంట్లో వాడే వస్తువుల్లో ఏది మంచిదో తెలుగులో చెప్పే సైటు. చదివినవాళ్ళు కింద ఉన్న లింకు నొక్కి ఆ వస్తువు కొనుక్కుంటే వాసుకి కమీషన్ వస్తుంది. అలా రావాలంటే జనం ఫోన్లో ఏదైనా వెతికినప్పుడు ముందుగా వీళ్ళ పేజీ కనపడాలి. ఎక్కడో అడుగున ఉంటే లేనట్టే లెక్క. చేరిన కొత్తల్లో వాసు "కీవర్డ్, కీవర్డ్" అంటుంటే రిజ్వానా బిక్కముఖం వేసేది. ఒకరోజు ఇదే రైల్లో, ఇలాగే కూర్చుని ఉండగా తట్టింది, కీవర్డ్ అంటే పక్కింటావిడ గోడ మీదనుంచి అడిగే ప్రశ్న అని. ఆ తరవాత ఆమె రాసిన పేజీలు ఒక్కొక్కటే పైకెక్కాయి.

నలభై ఏడేళ్ళ మనిషి. పొట్టిగా, ఎముకల గూడులా ఉంటుంది. నల్ల బుర్ఖా మోచేతుల దగ్గర వెలిసి గోధుమరంగుకి తిరిగింది. పెళ్ళయిన కొత్తలో చిలకలపూడి గిల్టు నగలకి రాళ్ళు అతికించే పని చేసింది. ఆ వేడికి కాలిన మచ్చలు వేళ్ళ చివర ఇంకా నల్లగా ఉన్నాయి. చూపు మందగించాక కంప్యూటరు మీద తెలుగు కొట్టడం నేర్చుకుని, బందరు కోర్టు దగ్గర ఒక డీటీపీ సెంటర్లో కూర్చుంది. ఊళ్ళోవాళ్ళందరి పెళ్ళిపత్రికలూ కొట్టింది. తన పేరు మాత్రం రేషను కార్డు మీద తప్ప ఎక్కడా అచ్చయి చూసుకోలేదు. అందుకే ఈ సైట్లో మొదటి పేజీ రాసిన రోజున, కింద "వాడి చూసింది: రిజ్వానా, బందరు" అని తనే పెట్టుకుంది. ఆ పక్కన ఫోన్ నంబరు కూడా పెట్టింది.

"ఏ సైట్లోనన్నా రాసినవాళ్ళ నంబరు ఉంటుందాండీ?" అని వాసు నవ్వాడు.

"కొట్లో అయితే అడగడానికి ఎదురుగా మనిషుంటాడు. మనకి నంబరన్నా ఉండద్దా?" అంది రిజ్వానా.

ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"రిజ్వానా గారేనాండీ? నా పేరు జానకండీ. పాలకాయతిప్ప నుంచి. మీరు రాసింది చదివానండీ, మిక్సీ గురించి."

మిక్సీ అనగానే రిజ్వానా ముఖం విచ్చుకుంది. ఆమె రాసిన అన్నిటిలోకీ ఎక్కువమంది చదివే పేజీ అది. ఎండురొయ్యలు పొడి కొట్టాక నీచు వాసన పోయే మిక్సీ జారు ఏది అనేది ఆ పేజీ. ఒక రంజాన్ ముందు రోజు ఆమె షీర్ ఖుర్మా పాయసంలోకి, రొయ్యలు కొట్టిన జార్లోనే బాదంపప్పు రుబ్బితే, అత్తగారు నూర్ బీ గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని, తీసుకెళ్ళి తూములో పారబోసింది. ఆ కోపంలోంచి పుట్టింది ఆ పేజీ. ఆ తరవాత ఏ మిక్సీ ఇంటికొచ్చినా నూర్ బీ ముక్కే పరీక్ష. ఆవిడ తల ఊపిందంటే రాయవచ్చు.

"మా పాతది కాలిపోయిందండీ. నేను రొయ్యల పొడి ప్యాకెట్లు కట్టి అవనిగడ్డ కొట్లకి వేస్తాను. అదే జార్లో కరివేపాకు పొడి కూడా కొట్టాలి. మీరు చెప్పారు కదా అని ఆ అరుణిమ మిక్సీనే తెప్పించుకుంటున్నాను."

"ఏ మిక్సీ?"

"అరుణిమ అండీ. మీరే రాశారుగా. 'నెలల తరబడి మా ఇంట్లో వాడాం. రొయ్యలు కొట్టిన జార్లోనే పండక్కి బాదం ముద్ద చేశాం. మా అత్తగారు వాసన చూసి తల ఊపారు' అని."

ప్రతి మాటా తనదే. మిక్సీ పేరొక్కటే తనది కాదు. ఆ పేరు తనెప్పుడూ వినను కూడా లేదు.

"జానకి గారూ, ఇప్పుడే నొక్కకండి. సాయంత్రం దాకా ఆగండి. నేనే ఫోన్ చేస్తాను."

"ఏమండీ, మంచిది కాదా?"

"నాకు తెలియదమ్మా. అదే తెలుసుకుని చెప్తాను."

ఎదురుగా కూర్చున్న రామలక్ష్మి టీచరు కళ్ళద్దాల మీదుగా చూసింది. పెడనలో ఎక్కి గుడ్లవల్లేరులో దిగే మనిషి. "ఏంటి రిజ్వానా, అలా అయిపోయావు?"

"నేను వాడని మిక్సీ నేను వాడానంట టీచరు గారూ. మా అత్తమ్మ తల కూడా ఊపిందంట."

"మీ వాసు చెవి మెలిపెట్టు."

"మెలిపెడితే జీతం ఎవరిస్తారు? మీరిస్తారా?"

"నేనా! నా జీతమే నా చేతికి రాదు తల్లీ, మా ఆయన్ని అడుక్కో," అంటూ టీచరు సంచీ భుజాన వేసుకుని లేచింది.

*

వాసు ముప్పై అయిదేళ్ళవాడు. మెత్తటి మనిషి. ఎవరినీ ఒక మాట అనలేడు. ఆ మెత్తదనం వల్లే అతనితో గొడవ పెట్టుకోవడం కష్టం. రిజ్వానా గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే అతనికి విషయం అర్థమైపోయింది.

"నిన్న మీరు వెళ్ళాక మార్చానండీ. ఇవాళ చెబుదామనే అనుకున్నా."

"నేను వాడలేదు కదండీ."

"మిక్సీకీ మిక్సీకీ ఎంత తేడా ఉంటుందండీ? చూడండి, ఇదివరకటిలా జనం పేజీ దాకా రావడంలేదు. వెతికినచోటే పైన జవాబు వచ్చేస్తోంది. మనం రాసింది అక్కడే చదివేసి వెళ్ళిపోతున్నారు. మిగతా పేజీలన్నీ పడిపోయాయి. మీ మిక్సీ పేజీ ఒక్కటే నిలబడింది. ఈ కంపెనీవాళ్ళు కమీషన్ రెట్టింపు ఇస్తానంటున్నారు." గొంతు తగ్గించి అన్నాడు. "మీ జీతం కూడా అందులోంచేగదండీ రావాల్సింది."

అది నిజమే. బందరులో భర్త మజీద్‌కి నగల పని వారంలో సగం రోజులు ఉండడం లేదు. ఇంట్లో బియ్యం డబ్బా నిండుతున్నది ఈ ఉద్యోగంతోనే. రిజ్వానా తన కుర్చీలో కూర్చుని పేజీ తెరిచింది. మొదటి నుంచి చివరిదాకా చదివింది. తన వాక్యాలు చక్కగా, ఒక్క అక్షరం చెడకుండా, ఎవరిదో మిక్సీని నెత్తిన పెట్టుకుని నిలబడి ఉన్నాయి. "మా అత్తగారు తల ఊపారు" అన్న చోట ఆమె కళ్ళు ఆగిపోయాయి. అంత సులభంగా తల ఊపే మనిషా నూర్ బీ? పెళ్ళి అయి ఇన్నేళ్ళలో తన వంటకి ఊపింది ఎన్నిసార్లు గనక?

"శాంపిల్ పంపారా?" అంది.

"అదిగో, ఆ మూల ఉంది."

"విప్పుతాను."

"విప్పి ఏం చేస్తారండీ?"

"వాడతాను. వాడినట్టు నా పేరే ఉంది కదా."

వాసు నవ్వేసి, బ్యాంకు పనుందని కిందికి దిగాడు.

మధ్యాహ్నం రిజ్వానా బజారుకి వెళ్ళి ఎండురొయ్యల పొట్లంతో తిరిగొచ్చింది. సైటుకి బొమ్మలు చేసే అమ్మాయి శ్రావ్య, కంప్యూటరు ముందునుంచి తల ఎత్తి, ఆ పొట్లం చూసి అదిరిపడింది.

"ఆంటీ! ఇక్కడా? ఏసీ వేసి ఉందాంటీ!"

"ఏసీ ఆపి కిటికీ తెరువు. చచ్చిపోవులే."

మిక్సీ గట్టిగానే తిరిగింది. రొయ్యలు మెత్తగా నలిగాయి. ఆ మాట కూడా రాయాలి అనుకుంది రిజ్వానా. మంచి ఉంటే మంచే. పొడి కాగితంలోకి వంపి, జారు సబ్బుతో కడిగింది. తరవాత శనగపిండితో, ఆ తరవాత నిమ్మతొక్కతో రుద్దింది. జారు శుభ్రంగానే ఉంది. మూత ముక్కు దగ్గర పెట్టుకుంటే మాత్రం గుప్పుమంది. మూత అంచులో లోతుగా దిగిన రబ్బరు ఒకటుంది. దాన్ని బయటికి తియ్యడానికి వీలే పెట్టలేదు. పిన్నీసుతో పెకిలిస్తే అడుగున తడిసిన పొడి బంకలా అంటుకుని ఉంది. అదంతా గీకింది, మళ్ళీ కడిగింది, మళ్ళీ వాసన చూసింది, పోలేదు. తరవాత రబ్బరు తిరిగి బిగించి, జార్లో చక్కెర పోసి తిప్పింది.

"టీ పెట్టు శ్రావ్యా. ఈ చక్కెర వెయ్యి."

"నేను తాగనాంటీ, ఒట్టు."

"నీకు కాదులే."

వాసు వచ్చి, ముక్కు చిట్లించి, కిటికీలు చూసి, కుర్చీలో కూర్చున్నాడు. శ్రావ్య టీ కప్పు అతని ముందు పెట్టి వెంటనే వెనక్కి తిరిగింది. ఒక గుక్క తాగాడు. నోట్లోనే ఆపుకుని, కష్టపడి మింగాడు.

"ఏం కలిపారండీ ఇందులో?"

"చక్కెర. మన అరుణిమలో పొడి కొట్టాను."

శ్రావ్య భుజాలు కదులుతున్నాయి. వాసుకి కూడా నవ్వొచ్చింది. కాసేపు నవ్వి, కప్పు పక్కకి జరిపి, ముఖం తుడుచుకున్నాడు.

"సరేనండీ, ఒప్పుకున్నాను. కానీ పేజీ మారదు. వాళ్ళకి మాటిచ్చేశాను."

"అయితే నా పేరు తీసెయ్యండి. నేను వాడానన్నది, మా అత్తమ్మ తల ఊపిందన్నది తీసేసి, మీ మాటల్లో మీరు రాసుకోండి."

"అవి తీసేస్తే ఆ పేజీలో ఏం మిగులుతుందండీ?" అనేసి, వాసు తన మాటకి తనే తడబడ్డాడు. "జీతమిచ్చి రాయించుకున్న మాటలండీ అవి. ఆఫీసువి."

"మాటలు మీవే. వాడింది నేను. వాసన చూసింది మా అత్తమ్మ. ఆవిడకి మీరు జీతం ఇవ్వడం లేదు."

రిజ్వానా తన కుర్చీలోకి వెళ్ళి కూర్చుంది. మచ్చల వేళ్ళు కీబోర్డు మీద ఎక్కడా తడుముకోలేదు. *అరుణిమ మిక్సీ ఇవాళే వాడి చూశాను. ఎండురొయ్యలు మెత్తగా నలుగుతాయి. మూత రబ్బరు కింద పొడి చేరి, ఎంత కడిగినా నీచు పోవడం లేదు. తీపికీ నీచుకీ ఒకటే జారు వాడే ఇళ్ళకి ఇది వద్దు.* పాత మాటలన్నీ తుడిచేసి, ఇది పెట్టి, నొక్కింది.

వాసు వెనక నిలబడి చదివాడు. "మీరు మెట్లు దిగేలోపు నేను మళ్ళీ మార్చేస్తాను రిజ్వానా గారూ."

"మార్చండి. అడిగినవాళ్ళకి నేను చెప్తూనే ఉంటాను." ఆమె ఫోన్ తీసి, అతని ఎదురుగానే నంబరు నొక్కింది. "జానకీ, నేనమ్మా, రిజ్వానాని. అది కొనకు. మూతలో వాసన ఉండిపోతోంది. నీ కరివేపాకు పొడి పాడైపోతుంది."

"అమ్మయ్యా, నొక్కబోతూ ఆగానక్కా. మరి ఏది కొనమంటారు?"

రిజ్వానా తన ఇంట్లో ఉన్న మిక్సీ పేరు చెప్పింది. మార్చకముందు పేజీలో ఉన్న పేరే.

"దాని లింకు పంపండక్కా."

"లింకెందుకమ్మా, అవనిగడ్డలో ఏ కొట్లోనన్నా దొరుకుతుంది. మూత తీయించి, రబ్బరు ఊడుతోందో లేదో నీ చేత్తో చూసుకుని కొనుక్కో. కొట్టువాడు కసిరితే కసరనియ్యి."

వాసు అంతా విన్నాడు. అతని మెత్తటి ముఖం ఎర్రబడింది. తన కుర్చీ దగ్గరికి నడుస్తూ అడిగాడు. "రేపు వస్తారా?"

"ఆ మిక్సీ పక్కన నా పేరుంటే రానండీ."

"ఉంటుందండీ," అన్నాడు వాసు, ఆమె వైపు చూడకుండా.

"సరే."

ఆమె కళ్ళజోడు పెట్టె, టిఫిను డబ్బా, కుర్చీ మీద వేసుకునే మడత దుప్పటి సంచీలో పెట్టుకుంది. అన్నేళ్ళ ఉద్యోగం ఒక్క సంచీలో పట్టేసింది. కాగితంలో పొడి శ్రావ్య ముందుకి జరిపింది. "పారెయ్యకు. వెల్లుల్లి, ఎండుమిర్చి వేసి దంచితే అన్నంలోకి బాగుంటుంది."

"మా ఇంట్లో తినరాంటీ."

"అయితే వాసు గారికివ్వు. పొడి బాగానే ఉంది, దానిదేం తప్పు?"

మెట్లు దిగింది. మజీద్‌కి ఏం చెప్పాలో ఇంకా అనుకోలేదు. నూర్ బీకి మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, ఆవిడ తల ఊపుతుందో లేదో చూడాలి. కింద ఎరువుల కొట్టతను రోజూలాగే "ఏమ్మా, ఇవాళ తొందరగానా?" అన్నాడు. రోజూ తల వంచుకుని పోయే మనిషి ఇవాళ ఆగింది. "ఇవాళ పని పూర్తయిపోయిందండీ," అని పెద్ద గొంతుతో చెప్పి, స్టేషను దారి పట్టింది.

పైన వాసు కుర్చీలో కూర్చుని పేజీ తెరిచాడు. శ్రావ్య కిటికీలు మూయబోయి, ఎందుకో మానేసింది. మూలన మిక్సీ అట్టపెట్టె మీద ఒక అందమైన ఆవిడ జారు పట్టుకుని నవ్వుతున్న బొమ్మ. వెళ్ళేముందు రిజ్వానా మూతలోంచి మళ్ళీ పెకిలించి అక్కడ ఆరబెట్టిన తెల్ల రబ్బరు, సరిగ్గా ఆ నవ్వే ముఖం చుట్టూ గుండ్రంగా పడి, ఇంకా తడి ఆరలేదు.