రత్నంలో ఒక హెచ్ తక్కువ

నేను ఒక రేకు బోర్డును. మండపేటలో మిక్సీలు బాగుచేసే ఒక చిన్న కొట్టు చూరుకు వేలాడుతుంటాను. ఏ బోర్డయినా వచ్చేపోయేవాళ్ళ కోసం పుడుతుంది. నేను మాత్రం ఆ వీధి మొహం ఎన్నడూ చూడని ఒక కంపెనీ కోసం పుట్టాను.

ఆ కొట్టు నడిపే ఆవిడను ఊరంతా మిక్సీల పిన్నిగారంటారు. భర్త పోయాక ఆయన స్క్రూడ్రైవరు అందుకుని, పదకొండేళ్ళు బోర్డు ఊసే లేకుండా నెట్టుకొచ్చారు. ఆ మధ్య లేడీస్ హాస్టళ్ళు నడిపే ఒకాయన, తన ఏడు హాస్టళ్ళ గ్రైండర్ల పని ఏడాదిపాటు ఆవిడకే ఇస్తానన్నాడు. కాకపోతే నెలాఖరులోగా ఆన్‌లైన్ చెల్లింపుల కంపెనీలో వ్యాపారం పేరిట ఖాతా తెరవాలట.

పిన్నిగారు ఫోనులో దరఖాస్తు పెట్టారు. పాన్ కార్డు, కరెంటు బిల్లు పంపారు. "పేరున్న బోర్డు కనబడేలా దుకాణం ఫొటో పంపండి" అని జవాబొచ్చింది. కొట్టునిండా మిక్సీలు గుట్టపడి ఉన్నా, అది కొట్టేనని నమ్మడానికి కంపెనీకి నేను కావలసివచ్చాను.

పెయింటరు దావీదు ఒక్కపూటలో నన్ను తయారుచేశాడు. నామీద ఇంగ్లీషులో, పాన్ కార్డులోని ఆవిడ పేరుతో, 'నూకరత్నం ఎలక్ట్రికల్స్' అని రాశాడు. ఫొటో వెళ్ళింది, తిరిగొచ్చింది. కార్డులోని రత్నంలో ఒక 'హెచ్' ఉందట, నాలో లేదట. దావీదు ఉన్న అక్షరాల మధ్యే ఒక బక్క హెచ్‌ను ఇరికించాడు. ఈసారి మనిషిని చూపించమన్నారు. నెలాఖరు రోజున వీడియోలో ఎవరో అమ్మాయి, "తల అటు తిప్పండమ్మా. ఇటు. కళ్ళు ఆర్పండి" అంది.

"ఎందుకమ్మా?"

"మీరు ఫొటో కాదు, నిజం మనిషేనని తేలాలండి."

పిన్నిగారు బుద్ధిగా కళ్ళు ఆర్పారు. సాయంత్రానికి ఖాతా వచ్చింది, హాస్టళ్ళ పని దక్కింది.

కంపెనీ గుర్తుపట్టింది సరే, ఊరు గుర్తుపట్టడం మానేసింది. పాతవాళ్ళు స్కూటరు నెమ్మది చేసి, నన్ను చదివి, ముందుకు పోయేవారు. వారం తర్వాత ఒకావిడ మిక్సీ సంచితో గుమ్మంలో నిలబడింది.

"ఇక్కడ పిన్నిగారుండేవారు. కొట్టు అమ్మేశారాండీ?"

బల్లకింద స్క్రూ వెతుక్కుంటున్న పిన్నిగారు తలెత్తారు. "నేనేనండీ!"

"మరి నూకరత్నం ఎవరండీ?"

ఆవిడ బల్లకింద నుంచి లేచి వచ్చారు. కాగితాలమీద చూడడమే తప్ప ఆ పేరు విని ఎన్నేళ్ళయిందో. "అదీ నేనేనండీ" అన్నారు, కొత్తవాళ్ళను పరిచయం చేస్తున్నట్టు.

మర్నాడు దావీదు కిరసనాయిలు, గుడ్డపేలిక పట్టుకొచ్చి నన్ను కిందికి దించాడు.

"తుడిచేసి తెలుగులో 'పిన్నిగారి కొట్టు' అని రాసేస్తానండీ. గంటలో పని."

గుడ్డ నా మొహానికి తగలబోతుండగా ఆవిడ దావీదు చెయ్యి పట్టేసుకున్నారు. "ఆగవయ్యా బాబూ! చెరపకు. అది నా పేరు."

"మరెక్కడ రాయమంటారు?"

"వెనకాల ఖాళీయేగా!"

ఇప్పుడు నా వీపు వీధివైపు, మొహం కొట్టువైపు. వీధిలోవాళ్ళు పిన్నిగారిని చదువుకుని లోపలికొస్తారు. పని మధ్యలో ఆవిడ తలెత్తితే నూకరత్నం కనబడుతుంది. కంపెనీవారి దస్త్రంలో నేనింకా పాతవైపే తిరిగి ఉన్నాను. వాళ్ళకు ఏనాడైనా అనుమానమొచ్చి సరిచూసుకోవాలంటే, చెప్పులు విప్పి కొట్టు లోపలికి రావలసిందే.