పై గదిలో నేర్పిన పని

"ఆ పై గదిలో నేర్పి కింద పనిలోకి దించితే ఎవరిదో ఒకరి చెయ్యి పోతుందే" అన్నాను, మా అమ్మాయి బ్తిస్సామ్ ఉద్యోగంలో చేరిన రోజే. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటికి పొద్దున లేస్తే చెడే వస్తుంది.

"చచ్చిన చేప కళ్ళు తెరిచి చూసినా నీకు భయమేనమ్మా" అని నవ్వింది.

సఫీ రేవులో ఆ సార్డీన్ చేపల ఫ్యాక్టరీలోనే నేను ఇరవై రెండేళ్ళు తలలు కోశాను. ఎడమ చెవి అక్కడే పోయింది. డబ్బాలకు మూతలు బిగించే మిషన్ తిరుగుతుంటే పక్కమనిషి కేక కూడా వినపడదు. ఏదైనా అయితే ఇనప బల్ల మీద మూతతో దబదబా బాదేవాళ్ళం. ఆ అదురు అందరి చేతులకూ తెలిసేది.

కొత్తగా చేరే ఆడవాళ్ళకు పని నేర్పడం మా అమ్మాయి ఉద్యోగం. పైన తివాచీ గది, గోడ మీద బొమ్మలు. చెయ్యి చిక్కితే "ఆపండి" అని అరవాలి, స్విచ్ దగ్గరి మనిషి ఆపాలి. బల్లలు బాదకూడదు, డబ్బాలు సొట్టలు పడతాయి. మేనేజరు రాసిచ్చిన పాఠం అది. మొదటి రోజు రుకియా అనే పిల్ల, "కుర్చీలెంత మెత్తగా ఉన్నాయో అక్కా, చేపల్ని కూడా ఇక్కడికే రమ్మందాం" అందట. అందరూ ఒకటే నవ్వట.

వారం తర్వాత బ్తిస్సామ్ ఒక పూట కిందకెళ్ళి నిలబడి వచ్చింది.

"నువ్వన్నది నిజమేనమ్మా. పాఠం మిషన్ పక్కనే చెప్పాలి. పని ఆగిపోతుందని మేనేజరు కాదన్నాడు. రేపు గట్టిగా అడుగుతా."

అప్పుడు నేనేమన్నానో తెలుసా? "గొడవ పెట్టుకోకు తల్లీ, పీకేస్తే మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది? కొన్నాళ్ళు ఆగు" అన్నాను. ఆగింది.

రంజాన్ ముందు గురువారం రుకియా చేతి తొడుగు మిషన్‌లో చిక్కుకుంది. అరిచిందట. స్విచ్ దగ్గరి మనిషి అటు తిరిగి ఉంది. కుడిచేతి నాలుగు వేళ్ళు పోయాయి.

ఐదు రోజులు నా కూతురు రొట్టె ముట్టలేదు, పనికి పోలేదు. ఆరో రోజు "వాళ్ళింటికి పోదాం" అంది. తలుపు మొహాన వేస్తారేమో, వాళ్ళ అన్నలు చెయ్యి చేసుకుంటారేమో అనుకున్నాను. అయినా పరామర్శకు పట్టుకెళ్ళే చక్కెర దిమ్మ ఒకటి చంకన పెట్టుకుని వెంట నడిచాను.

రుకియా గోడకానుకుని ఉంది, కట్టు కట్టిన చెయ్యి దిండు మీద. వాళ్ళమ్మ టీ పోసింది. ఎవరమూ తాగలేదు.

"తప్పు నాది రుకియా" అంది బ్తిస్సామ్.

"దానిది కాదమ్మా. మేనేజర్ని అడగబోతుంటే ఆపింది నేనే" అన్నాను.

"నేనిక ఆ పని మానేస్తా. నన్ను తిట్టు, ఏదో ఒకటి అను" అంది నా కూతురు.

టీ మీద నురగ అణిగిపోయింది. పుదీనా ఆకులు అడుక్కి దిగాయి. పద్దెనిమిదేళ్ళ చెల్లెలు వచ్చి, నిండుగా ఉన్న గ్లాసులు అలాగే తీసుకుపోయింది. అది వంటగదిలోకి వెళ్ళేదాకా రుకియా చూస్తూనే ఉంది.

"నా చోట్లోకి సోమవారం నుంచి అదే వస్తోందక్కా" అంది చివరికి. "నువ్వు మానేస్తే ఇంకెవరో వచ్చి దాన్నీ పైనే కూర్చోబెడతారు. నువ్వే కింద నిలబెట్టి నేర్పు."