మూడో పాటలో వయొలిన్

"విన్నావా?" అని రఘునాథ్ పొద్దున్నే అడిగాడంటే, పాలు కాగాయా అని అడిగినట్టే ఉంటుంది. కాగితే ఇవ్వు, కాగకపోతే ఎందుకు కాగలేదో చెప్పు. ఆ రోజూ తువ్వాలుతో తల తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడి అడిగాడు. నేను బీరకాయ చెక్కు తీస్తున్నాను. చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది. బొల్లారంలో ఉండే హిమజ అనే అమ్మాయి చేసిన మొదటి ఆల్బమ్, తొమ్మిది పాటలు. మూడు రోజులుగా అదే వింటున్నాను. బేగంపేటలో ఆఫీసుకి వెళ్ళేటప్పుడు మెట్రోలో నిలబడి ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి, అంట్ల దగ్గర మరోసారి.

"విన్నాను. నాలుగు పేజీలు రాసి నీ టేబుల్ మీద పెట్టాను."

"ఎన్ని స్టార్లు?"

"నాలుగు. ఏడో పాట బాగుంటే నాలుగున్నర అనేదాన్ని."

"కొత్త పిల్లకి నాలుగేంటి యోగితా? నెత్తినెక్కి కూర్చుంటారు," అని నవ్వి, ఇస్త్రీ చొక్కా ఎక్కడుందని అడిగాడు.

నా మొగుడు సంగీత విమర్శకుడు. శుక్రవారం పత్రికలో సినిమా పేజీ పక్కన ఆయన ఫొటోతో కొత్త ఆల్బమ్‌ల సమీక్షలు వస్తాయి, కింద నక్షత్రాలు. పందొమ్మిదేళ్ళుగా వస్తున్నాయి. ఫంక్షన్లలో కుర్ర సంగీత దర్శకులు వంగి కాళ్ళకి దణ్ణం పెడతారు. మొదట్లో నిజంగానే వినేవాడు, కళ్ళు మూసుకుని వేళ్ళతో తాళం వేస్తూ. పదకొండేళ్ళ క్రితం విషజ్వరం వచ్చి మంచం మీద ఉన్నప్పుడు, గడువు దాటిపోతోందని నేను విని రాసిచ్చాను. పెళ్ళికి ముందు ఎనిమిదేళ్ళు అనసూయమ్మగారి దగ్గర పాట నేర్చుకున్నాను కాబట్టి నాకది కష్టమనిపించలేదు. జ్వరం తగ్గింది. వినడం మాత్రం మళ్ళీ ఆయన దగ్గరికి పోలేదు. "నీ చెవి, నా కలం" అన్నాడు. ఆ మాటకి నేను మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే అన్నిటికంటే ఎక్కువ రోత పుట్టించేది ఆ మురిసిపోవడమే.

నక్షత్రాలు ఎలా పడతాయో కూడా ఆ పదకొండేళ్ళలో చూశాను. పెద్ద హీరో సినిమా అయితే మూడుకి తగ్గకూడదు. సన్మానానికి పిలిచినవాళ్ళకి మూడున్నర. ఫోన్ చేసి "గురువుగారూ" అని మాట్లాడని కొత్తవాళ్ళకి రెండు, 'ఇంకా సాధన అవసరం' అనే వాక్యంతో సహా. ముందు నక్షత్రాలు పడతాయి, వాటికి సరిపోయే కారణాలు నా కాగితాల్లోంచి ఏరుకుంటాడు. నేనొప్పుకోలేదని తెలిసినా మారదు. "నీకు స్వరం తెలుసు, లోకం తెలీదు," అంటాడు. నలుగురిలో ఉన్నప్పుడు మాత్రం, "మా ఆవిడ పాటంటే చెవి కోసుకుంటుంది. ఏం లాభం, విశ్లేషణ జోలికి పోదు," అని నవ్విస్తాడు. మా అత్తగారు వీరరాఘవమ్మ అయితే వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. "మావాడు విని విని చెవులు పాడుచేసుకుంటున్నాడమ్మా. ఇదేముంది, వంట చేసుకుంటూ సరదాగా వింటుంది." నేను ప్లేట్లు తీస్తూ నవ్వేదాన్ని. నవ్వడం కూడా ఇంటిపనే అని అప్పటికి నాకు తెలియదు.

ఆ శుక్రవారం నేను పత్రిక చూడకుండానే ఆఫీసుకి వెళ్ళాను. మధ్యాహ్నం డబ్బా తెరిచాక, పక్క సీటు శ్రీలేఖ ఫోన్ చేతిలో పట్టుకుని వచ్చి కూర్చుంది. "మీ సార్ భలే రాస్తరు మేడమ్. వినండి," అంటూ చదవడం మొదలుపెట్టింది. "ఈ గొంతు ఊపిరి తీసుకునే చోటు కూడా పాటలో భాగమే. వినేవాళ్ళకి తెలియకుండా వాళ్ళ ఊపిరిని కూడా అక్కడ ఆపేస్తుంది." అది నా వాక్యం. మెట్రోలో పెరేడ్ గ్రౌండ్ స్టేషన్ దాటుతుండగా, దిగాల్సినవాళ్ళు తోసుకుంటున్నా, బిల్లు వెనక రాసుకున్న వాక్యం. హిమజ మూడో పాట గురించి. ఆ పాటలో గొంతు తప్ప ఇంకేమీ లేదు. తంబూరా కూడా లేదు.

"నాలుగు స్టార్లు ఇచ్చిండ్రు, రాహుల్‌కి," అంది శ్రీలేఖ.

"ఎవరికి?"

"రాహుల్. కొత్త మ్యూజిక్ డైరెక్టర్ లేడా, ఆయన. కింద ఇంకో ఆల్బమ్ గుడ ఉంది. హిమజనట. ఒకటిన్నరే. ఏడో పాటల శ్రుతి జారిందట. పాటలన్నీ గట్లనే ఉన్నయని రాసిండ్రు."

పెరుగన్నం ముద్ద నోట్లోనే ఉండిపోయింది. మింగలేకపోయాను. లేచి వాష్ బేసిన్ దగ్గర ఉమ్మేసి, నోరు పుక్కిలించి, ఇంకా ఏదో అంటుకుని ఉన్నట్టనిపించి మళ్ళీ పుక్కిలించాను. రాహుల్ తండ్రి ఒక సాంస్కృతిక సంస్థకి అధ్యక్షుడు. వచ్చే నెల రఘునాథ్‌కి అక్కడ సన్మానం. రాహుల్ ఆల్బమ్ కూడా నేనే విన్నాను. పాటలన్నీ ఒకే అచ్చులో పోసిన ఇటుకల్లా ఉన్నాయని అరపేజీ రాశాను. ఆ అరపేజీ ఏమైందో తెలియదు. హిమజ గురించి రాసిన మెచ్చుకోలు మొత్తం వలిచి రాహుల్‌కి తొడిగి, ఆ పిల్లకి ఒక్క ఏడో పాట తప్పు మిగిల్చాడు. శ్రీలేఖ వెనకే వచ్చి, "మీరు గుడ వింటరా మేడమ్ పాటలు? సార్ ఏమన్న నేర్పిస్తరా?" అని అడిగింది. మంచి పిల్ల, మర్యాదకే అడిగింది.

సాయంత్రం ఇంటికి రాగానే అడిగాను. రఘునాథ్ టీవీ గొంతు తగ్గించలేదు.

"మంచి మాట ఎక్కడ పడితే అక్కడ వాడుకోవచ్చు. ఆ పిల్ల పేరు మీద రిజిస్టర్ అయ్యిందా?"

"నువ్వా ఆల్బమ్ విన్నావా?"

"నువ్వు విన్నావుగా. మనిద్దరం వేరా?"

పెళ్ళైన కొత్తలో ఈ మాటంటే కరిగిపోయేదాన్నేమో. ఇప్పుడు ఒంటి మీద బల్లి పడ్డట్టయింది. అత్తగారు లోపల్నుంచి, "మగాడి పనిలో నీకెందుకమ్మాయ్. వాడి తంటాలు వాడివి," అంది. వంటింట్లోకి వెళ్ళి పప్పు కడిగాను. ఎన్నిసార్లు కడిగానో గుర్తు లేదు.

ఆదివారం పొద్దున పదకొండింటికి హిమజ మా మారేడ్‌పల్లి ఇంటికి వచ్చింది. ముందే ఫోన్ చేసిందట, రఘునాథ్ సంబరంగా రమ్మన్నాడట. ఒకటిన్నర వేశాక కాళ్ళ బేరానికి వచ్చేవాళ్ళంటే ఆయనకి ప్రాణం. పాతికేళ్ళుంటాయి. సన్నగా, నూనె పెట్టి బిగించి వేసిన జడ. వాళ్ళ నాన్న బోయిన్‌పల్లి మార్కెట్‌లో హమాలీ అని, పాటలు తనే రాసుకుందని, రఘునాథ్ అడిగితే చెప్పింది. కాళ్ళకి దణ్ణం పెట్టలేదు. కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"మీరు రాసింది చదివిన సార్. నాకేం తక్లీఫ్ లేదు. ఏడో పాటల రెండో చరణం కాడ శ్రుతి జారిందన్నరు. నిజమే. ఎవ్వరు పట్టలే, మీరు ఒక్కరే పట్టిండ్రు. గందుకే వచ్చిన. గంత మంచిగ విన్నోళ్ళు మిగిలిన ఎనిమిది సుత వింటరు కద. అవి ఎట్లున్నయో జెర చెప్తే దిద్దుకుంటా."

నేను కాఫీ ట్రేతో గుమ్మంలో ఉన్నాను. రఘునాథ్ గొంతు సవరించుకున్నాడు. "చూడమ్మా, మొత్తంగా సాధన తక్కువైంది."

"ఏ పాటల సార్? మూడో పాట ఎట్లనిపించింది? దానికి చాన కష్టపడ్డ."

"మూడోది... పర్వాలేదు. కాకపోతే ఆ వయొలిన్ ఎక్కువైంది. గొంతుని మింగేసింది."

హిమజ రఘునాథ్‌ని చూసింది, తర్వాత తన చేతుల్ని చూసుకుంది. ఆ పిల్లకి అర్థమైపోయింది. అర్థమైందని రఘునాథ్‌కీ తెలిసింది. వెంటనే నా వైపు చూశాడు. పదకొండేళ్ళుగా నేనెరిగిన చూపది. టీవీ చర్చకి వెళ్ళేముందు రాగం పేరు మర్చిపోయి చూసే చూపు. అందుకో, నిలబెట్టు, నన్ను కాపాడు అనే చూపు. ప్రతిసారీ అందించాను. ఆ క్షణంలోనూ నాలుక చివరికి అబద్ధం వచ్చేసింది: ఆయన వేరే ఆల్బమ్ అనుకుంటున్నారమ్మా, రోజుకి ఎన్నో వింటారు కదా. అంత సులువుగా వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ట్రే బల్ల మీద పెట్టాను.

"మూడో పాటలో వాయిద్యమే లేదు. ఆయన నీ ఆల్బమ్ వినలేదమ్మా. విన్నది నేను."

"యోగితా, లోపలికి వెళ్ళు," అన్నాడు రఘునాథ్. వెళ్ళాను. ఆయన టేబుల్ సొరుగులోంచి నా నాలుగు పేజీలు తీసుకొచ్చి హిమజ చేతిలో పెట్టాను. చదువుతూ రెండో పేజీ దగ్గర ఆగింది.

"గిది పేపర్ల రాహుల్ సార్ గురించి రాసిండ్రు కద."

"నీ గురించి రాసిందే. ఇక్కణ్ణుంచి తీసి అక్కడ పెట్టారు. నాకిది కొత్త కాదు. వేరేవాళ్ళకీ ఇలాగే జరిగింది, పదకొండేళ్ళుగా."

నాకు కృతజ్ఞత చెబుతుందనుకున్నాను. ఎక్కడో ఆ ఆశ ఉంది. ఆ పిల్ల తలెత్తి సూటిగా చూసింది.

"మరి ఇన్నేండ్లు మీరెందుకు ఊకున్నరు మేడమ్?"

ఇల్లు, అత్తగారు, పరువు అని చెప్పవచ్చు. అవన్నీ నిజమే. కానీ అచ్చులో నా వాక్యం కనబడితే చాలు, ఎవరి పేరు కిందైనా, ఎవరి నెత్తురు మీదైనా, అనుకున్న రోజులు కూడా ఉన్నాయి. అదీ నిజమే. "భయం. దాంతోపాటు సిగ్గులేనితనం," అన్నాను. హిమజ కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. కాఫీ తాగకుండా లేచింది. గేటు దగ్గర మాత్రం ఆగి, "ఏడో పాట మల్ల పాడుత. అప్పుడు మీకే పంపుత," అని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నమంతా ఇంట్లో ఇద్దరూ నన్ను తిట్టారు. బజారుకెక్కించానంది అత్తగారు. బయటివాళ్ళ ముందు మొగుణ్ణి నవ్వులపాలు చేసిన ఆడదాన్ని ఎక్కడా చూడలేదన్నాడు రఘునాథ్. నేను భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని పత్రిక సంపాదకుడికి ఉత్తరం రాశాను. శుక్రవారం వచ్చిన రెండు సమీక్షలూ రాసినాయన ఆ ఆల్బమ్‌లు వినలేదని, విన్నది నేనని, ఇన్నేళ్ళ ఈ మోసంలో నాకూ భాగముందని, నా అసలు సమీక్షలు రెండూ గుర్తున్నంతవరకు మళ్ళీ రాసి జత చేస్తున్నానని. కింద నా పేరు, ఫోన్ నంబరు.

రఘునాథ్ వెనక నిలబడి చదివాడు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. గొంతు మెత్తబడింది. ఒక్క క్షణం, తప్పైందంటాడేమో అనుకున్నాను.

"సరే యోగితా, ఇంత రాద్ధాంతం ఎందుకు. వెబ్‌సైట్‌లో ఆ పిల్లది రెండున్నర చేయిస్తాను," అన్నాడు. నా వేలు పంపే బటన్ మీదకి వెళ్ళడం చూసి, "పోనీ, మూడు," అన్నాడు.

నేను పంపేశాను.