దేవేంద్రన్ పాత ఫ్లాష్

గుడియాత్తంలో దేవేంద్రన్ ఫోటో స్టూడియో తెరవగానే దేవుడి పటానికి ఊదుబత్తి వెలిగించేవాడు, పాత ఫ్లాష్‌లో బ్యాటరీలు మార్చేవాడు. ఆ ఫ్లాష్‌తో ఫోటో దిగినవాళ్ల ఒంటికి వెలుగు అంటుకుని నెలా రెండు నెలలు వదిలేది కాదు. కరెంటు పోతే కొత్త కోడళ్లు తమ వెలుగులోనే అన్నం వడ్డించేవాళ్లు. కిరసనాయిలు మిగిలిందని అత్తలు సంతోషించేవాళ్లు.

ఆ ఏడు పాత కెమెరా షట్టర్ బిగుసుకుపోయింది. విదేశీ సరుకు అప్పుడప్పుడే కొట్లలోకి దిగుతున్న రోజులు. దేవేంద్రన్ వేలూరు వెళ్లి అన్నీ బటన్లే ఉన్న కెమెరా కొన్నాడు. కొట్టాయన ఒకటే చెప్పాడు.

"పాత ఫ్లాషు దీని నెత్తిన తగిలించొద్దప్పా. దాని కరెంటు జాస్తి. లోపలంతా మాడిపోతాది."

అందుకని కొత్త ఫ్లాష్ కూడా కొన్నాడు. దాని వెలుగు ఎవరికీ అంటుకోలేదు.

అప్పుడొచ్చాడు జయరాములు, లుంగీలు నేసే మనిషి, పాత ఫ్లాష్‌తోనే ఫోటో తియ్యమంటూ. చూపు మందగించి తెగిన పోగులు కనబడటం లేదు. మగ్గం సొంతం కాదు, నూలిచ్చి నేయించుకునే మొదలాళి నారాయణన్‌ది. మగ్గం మీదున్న పడుగు దీపావళిలోపు నేసి ఇవ్వకపోతే మగ్గాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు. ఒక్కడే ఫోటో దిగితే అది దండ వేయడానికే పనికొస్తుందని భయపడి జయరాములు భార్య పచ్చయమ్మనూ వెంటబెట్టుకొచ్చాడు.

"బల్బు పెట్టుకుంటే చాలదా అన్నా?" అన్నాడు దేవేంద్రన్.

"పైనుంచి పడే వెలుగులో నా వేళ్ల నీడ పోగు మీదే పడతాది నాయనా. నా చెయ్యే వెలిగితే నీడ యాడుంటాది?"

ఫిల్ము మీద బొమ్మ పడితేనే ఆ వెలుగు నిలుస్తుంది, ఊరికే మెరిపిస్తే లాభం లేదు. కెమెరా మాడితే దేవేంద్రన్ బతుకు రోడ్డున పడుతుంది. బాగా ఆలోచించి కిటికీలకు దుప్పట్లు కట్టాడు. కెమెరాను స్టాండు మీద నిలిపి, చీకట్లో షట్టర్ తెరిచి ఉంచి, ఫ్లాష్‌ను దూరంగా చేత్తో పట్టుకున్నాడు. రెండూ ఒకదాన్నొకటి తాకకపోతే ప్రమాదం లేదు.

"కదలొద్దండి. ఇప్పుడు మెరుస్తాది."

జయరాములు టపాసు మోతకే ఉలిక్కిపడే మనిషి. పచ్చయమ్మ చీకట్లోనే అతని ముందుకు వంగి, రెండు చేతులూ అతని కళ్లకు అడ్డం పెట్టింది. ఫ్లాష్ మెరిసింది. వెంటనే దాని లోపల ఏదో టప్పుమంది, కాలిన వాసన వేసింది.

కెమెరా క్షేమం. ఫ్లాష్ మళ్లీ వెలగలేదు. వెలుగంతా పచ్చయమ్మకే అంటుకుంది.

"నాకు రావాల్సింది నువ్వు తీసుకున్నావు గదే," అంటూ జయరాములు ఏడ్చేశాడు.

"నువ్వు బెదురుకుంటావని అడ్డం వచ్చినా. నాకేం తెలుసు?" ఆమెకూ ఏడుపొచ్చింది.

పెళ్లైన నాటినుంచీ పచ్చయమ్మ కండెలు చుట్టడమే తప్ప మగ్గం గుంటలోకి దిగలేదు. ఆ సాయంత్రం దిగింది. తెగిన పోగులు ఆమె వేళ్ల వెలుగులో ఒక్కొక్కటే దొరికాయి. జయరాములు పక్కన కూర్చుని చప్పుడు విని చెప్పేవాడు.

"ఎడమ కాలు గెట్టిగా తొక్కమ్మే. పోగులు సరిగ్గా విడిపోలా."

దీపావళికి ముందే పడుగు అయిపోయింది. గుడ్డ చూసి నారాయణన్ ఇంకో పడుగు పంపాడు. అదీ అయిపోయేసరికి పచ్చయమ్మ ఒంటి వెలుగు పూర్తిగా పోయింది. అప్పటికి చేతికి పని వచ్చేసింది.

మూడో పడుగు నారాయణనే తెచ్చాడు. అలవాటుగా జయరాములు వైపు చాచాడు. జయరాములు కండె చుట్టడం ఆపలేదు.

"ఆమెకియ్యండి. నేసేది ఆమె."

పచ్చయమ్మ కొంగుకు చేతులు తుడుచుకుని అందుకుంది.