గోరింటాకు పండిన గోళ్లు

వీరేంద్ర నర్సు ఉద్యోగంలోకి వచ్చి ఏడాదిన్నర. ఆ ఏడాదిన్నరలో ఒక్కసారైనా రోగి కాలు ముట్టుకుని చూశాడా అంటే, లేదని జ్ఞానదాసు బైబిలు మీద చెయ్యేసి చెప్పగలడు. తెర మీద అంకెలు చూసి మనిషిని చూశానంటాడు. ఆ మాటే నములుకుంటూ జ్ఞానదాసు నాలుగో మంచం మీది చిలకమ్మను మెల్లగా ఎడమకు ఒత్తిగిలేలా తిప్పి, వీపు వెనక దిండు దూర్చాడు.

గుండె ఆపరేషనైన వాళ్లను రెండు గంటలకొకసారి ఇలా కదపాలి. ఇరవై ఆరేళ్లుగా వార్డుబాయ్‌గా అతని పని అదే. ఆరో తరగతితో బడి మానేసి, హార్బరులో బస్తాలు మోసి, నడుము పట్టేశాక ఈ ఆసుపత్రిలో తేలాడు. కుడి భుజం ఎడమదాని కంటే రెండు వేళ్లు కిందికి వాలి ఉంటుంది. అరచేతులు మాత్రం కడిగీ కడిగీ పాలిపోయాయి.

దుప్పటి జారింది. చిలకమ్మ మోకాలి మీద ఊదారంగు వల పరిచినట్టుంది. బొటనవేలితో గట్టిగా నొక్కి వదిలాడు. తెల్లమచ్చ పడింది. హార్బరులో బస్తాలకు ఒకటి అనరు, లాభం అంటారు. ఆ అలవాటుతోనే లాభం, రెండు, మూడు అని నిదానంగా లెక్కపెట్టాడు. ఏడుకు గాని మచ్చలోకి రంగు తిరిగి రాలేదు. మూడు దాటితే సన్న నరాల్లోకి నెత్తురు పారడం లేదని ఒక పెద్ద డాక్టరు, ఇప్పుడు లేడాయన, అతని వేలు పట్టుకుని నేర్పాడు. జ్ఞానదాసుకు ఎవరైనా మర్యాదగా నేర్పిన చదువంటే అదొక్కటే.

మంచానికి వేలాడే కాగితంలో మాత్రం పొద్దుటి నుంచీ గంట గంటకూ 'రెండు సెకన్లు' అనే ఉంది. ఎందుకో అతనికి తెలుసు. వీరేంద్ర నొక్కి చూసేది చేతిగోళ్లనే. ఆషాఢమని చిలకమ్మ ఆసుపత్రికొచ్చే ముందు గోరింటాకు పెట్టుకుంది. అది తుడిస్తే పోయే రంగు కాదు.

“వీరేంద్రబాబూ, ఆ గోళ్లు నమ్మకండి. నొక్కినా ఎర్రగానే ఉంటాయి. మోకాలు సూడండి, ఏడు లెక్కెట్టాను.”

“బీపీ నూట పది ఉంది. కనబడతందా?”

“బీపీ బాగానే ఉంది బాబూ. కాల్లోకే నెత్తురెల్లట్లేదు. డాక్టరు ఉదయ్‌కుమార్ గారికి ఓ ఫోను సెయ్యండి.”

“ఆయన ఆపరేషన్లో ఉన్నారు. మోకాలు సల్లగుందని బయటికి రమ్మనమంటావా? ఈ ఏసీలో నీ మోకాలూ సల్లగానే ఉంటాది. నర్సింగు ఏ కాలేజీలో సదివావేటి నువ్వు?”

జ్ఞానదాసు ట్రే తీసుకుని బయటికి నడిచాడు.

బయట బెంచీ మీద చిలకమ్మ భర్త గురునాథరావు కూర్చుని ఉన్నాడు. ఆటోనగర్‌లో వెల్డింగు పని. నిన్నటి నుంచి కూర్మన్నపాలెంలోని ఇంటికి కూడా వెళ్లలేదు.

“ఎలాగుంది బావ?” నిన్న కలిపిన వరసతోనే అడిగాడు.

రోగుల వాళ్లతో జబ్బు మాట ఎత్తకూడదని రూలు. కిందటేడు ఎత్తినందుకు జ్ఞానదాసును రెండు వారాలు ఇంట్లో కూర్చోబెట్టారు. లోపలికెళ్లి గొడవ పెట్టుకో, డాక్టర్ని రప్పించు అనాలని నోటిదాకా వచ్చింది.

“కాళ్లు సల్లబడతన్నాయి బావ,” అని మాత్రం అన్నాడు.

గురునాథరావు “నాను సూత్తానుండు,” అని లేచి గబగబా మెట్లు దిగాడు.

కింద ఆఫీసు ఉంది. కేకలేస్తాడు, డాక్టరు వస్తాడు అనుకున్నాడు జ్ఞానదాసు. గుండె కుదుటపడింది. ఆ ధీమాతోనే మిగతా మంచాలు చూసుకున్నాడు. గంట దాటింది. ఎవరూ రాలేదు.

చివరికి గురునాథరావే వచ్చాడు, చెమటలు కక్కుతూ, చేతిలో కవరుతో.

“ద్వారకా నగరెల్లాను బావ. మందంగా ఉన్నవే అడిగి తెచ్చాను. ఇంట్లో ఫేనుకే వణికిపోద్ది మనిషి.”

జ్ఞానదాసు కవరు అందుకున్నాడు. లోపలికెళ్లి చిలకమ్మ దుప్పటి ఎత్తి చూస్తే ఊదారంగు తొడల దాకా పాకింది. కవరును మంచం పక్క అరలో పడేసి, ఎవరినీ అడక్కుండా ఆపరేషన్ గది తలుపు బాదాడు.

ఉదయ్‌కుమార్ వచ్చాడు. మోకాలు ఒక్కసారి నొక్కాడు, అంతే, గదంతా పరుగులు మొదలయ్యాయి. సూదులు, గొట్టాలు, ఛాతీ మీద చేతులు. మూడున్నరకు ఆపేశారు.

“ఇలా ఎప్పట్నుంచి ఉంది?” డాక్టరు కాగితం తిరగేస్తూ అడిగాడు.

“పదకొండుకి సూశాను బాబూ. ఈ బాబుకి సెప్పాను.”

వీరేంద్ర తెర స్విచ్చి ఆపాడు.

“నువ్వు గట్టిగా చెప్పాల్సింది,” అని డాక్టరు చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

గురునాథరావు ఏడవలేదు. స్ట్రెచరు బండి వెంట నడుస్తూ, “ఇంకాస్త బేగి రావాల్సింది, సిగ్నలు కాడ ఆగిపోనాను బావ,” అని రెండుసార్లు అన్నాడు. జ్ఞానదాసు బండి తోస్తూ లిఫ్టు దాకా వెళ్లాడు. ఆలస్యం ఎవరిదో అప్పుడు కూడా చెప్పలేదు.

అయిదింటికి కొత్త పేషెంటు వస్తున్నాడన్నారు. మంచం తుడిచి, కొత్త దుప్పటి పరిచి, అర లాగి ఆ కవరు విప్పాడు. నీలంరంగు ఉన్ని సాక్సులు. రెంటినీ కలిపి కుట్టిన దారం అలాగే ఉంది. చీటీ మీద నూట నలభై రూపాయలు.