బర్డ్ గొప్పా, లిన్ గొప్పా

శనివారం పొద్దున్న హామ్‌ట్రామిక్ ఊళ్ళోని పోలిష్ బేకరీలోంచి అరుపులు వినిపించకపోతే, కాజ్ డోంబెక్‌కో నార్బర్ట్ స్లివాకో ఒంట్లో బాగాలేదని వీధివాళ్ళు అనుకునేవారు. ఇద్దరూ ఒకే కార్ల ఫ్యాక్టరీలో చెమటోడ్చినవాళ్ళు. ఫ్యాక్టరీ మూతపడింది కానీ వీళ్ళ నోళ్ళు మూతపడలేదు. బేస్‌బాల్‌లో అడుగుపెట్టిన మొదటి ఏడాదే అందరికంటే గొప్పగా ఆడినవాడు ఎవడన్నది వాళ్ళ తగువు. పదిహేనేళ్ళు దాటినా అది తెగలేదు.

కాజ్‌కి మార్క్ ఫిడ్రిచ్ తర్వాతే దేవుడైనా. పక్కనే ఉన్న డెట్రాయిట్ జట్టు కుర్రాడు, అందరూ బర్డ్ అని ముద్దుగా పిలుచుకున్నవాడు. బంతితో కబుర్లు చెప్పేవాడు, మోకాళ్ళ మీద కూర్చుని మట్టిని చేత్తో చదును చేసుకునేవాడు. నార్బర్ట్ మాత్రం అంతకు ముందు ఏడాది బోస్టన్‌కి ఆడిన ఫ్రెడ్ లిన్ పేరెత్తేవాడు. ఆ ఊళ్ళో కూర్చుని బోస్టన్ వాణ్ణి పొగడాలంటే గుండె ధైర్యం ఉండాలి.

"మట్టి సర్దడమే గొప్పయితే మా ఆవిడ ఐరీన్ పెరట్లో రోజూ సర్దుతుందిరా. ఆవిడకీ ఇవ్వమను బహుమతి," అనేవాడు నార్బర్ట్, జామ్ కూరిన పొంచ్కీ బన్ను కొరుకుతూ.

"పంతొమ్మిది ఆటలు గెలిపించాడ్రా! పంతొమ్మిది! చెవులున్నాయా నీకు?"

"కొత్తవాళ్ళలో మేటి అన్న బహుమతి ఇద్దరికీ వచ్చింది. అదే ఏడాది అందరిలో మేటి అన్నది ఎవరికి వచ్చింది? చెప్పు, నోట్లో బెల్లంగడ్డ ఉందా?"

"డెట్రాయిట్ ఉప్పు తిని బోస్టన్ పాట పాడతావు, సిగ్గులేదూ?"

"మరుసటి ఏడాదికే మీవాడికి మోకాలు పోయె, భుజం పోయె."

"మొదటి ఏడాది సంగతి కదరా మనం మాట్లాడేది, వెధవా!"

కిందటి శరదృతువులో నార్బర్ట్ ఊపిరితిత్తిలో కొంత భాగం కోసి తీసేశారు. క్యాన్సర్. ప్రస్తుతానికి ఏమీ లేదనీ, మళ్ళీ మళ్ళీ చూస్తూ ఉండాలనీ డాక్టర్లు చెప్పారు. చిక్కి సగమై అతను బేకరీకి తిరిగొచ్చిన రోజున అందరూ లేచి చేయి పట్టుకుని పలకరించారు. కాజ్ ఒక్కడే కుర్చీలోంచి కదలకుండా, "ఇంతకీ ఎక్కడ ఆపాం? ఆఁ, ఫిడ్రిచ్," అన్నాడు. ఎలా ఉన్నావని మాటవరసకైనా అడగలేదు. ఇతనిది గుండా, ఇంజన్ బ్లాకా అని పక్క బల్లవాళ్ళు చెవులు కొరుక్కున్నారు.

గుండే. పైగా అది ఆ నెలల్లో అదురుతూనే ఉంది. కాకపోతే కాజ్‌ది బేస్‌బాల్ కట్టుబాట్లు ఒంటబట్టిన బుర్ర. బంతి విసిరే పిచర్ ఒకడు అవతలి జట్టుకు ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా బంతులు వేస్తూ పోతున్నప్పుడు, సొంత జట్టువాళ్ళే అతనికి దూరంగా జరిగి కూర్చుంటారు. పలకరించరు. జరుగుతున్న అద్భుతాన్ని పైకి అనరు. అంటే దిష్టి తగులుతుంది. ఆ కట్టుబాటును కాజ్ ఒక్కసారి తప్పాడు. వయసులో ఉండగా, ఫ్యాక్టరీ జట్ల పోటీలో నార్బర్ట్ పిచర్, అతని బంతులు పట్టే క్యాచర్ కాజ్. ఇంకొక్కణ్ణి ఔట్ చేస్తే చాలనగా ఆనందం పట్టలేక దగ్గరికెళ్ళి, "ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు నువ్వు, తెలుసా!" అన్నాడు. ఆ తర్వాతి బంతే కంచె దాటిపోయింది.

"నీ నాలిక మీద మచ్చ ఉందిరా," అని నార్బర్ట్ నవ్వేశాడు. ఆ తర్వాత కూడా నలుగురిలో ఆ మాట అని ఏడిపించేవాడు. నార్బర్ట్‌కి అది వేళాకోళం, కాజ్‌కి గుచ్చుకున్న ముల్లు.

అందుకే ఇప్పుడు జబ్బు మాట ఎత్తలేదు, ఎత్తనివ్వలేదు. వసంతం మొదట్లో ఒక శనివారం నార్బర్ట్ కప్పు కింద పెట్టి, "కాజ్, మొన్న మళ్ళీ స్కాన్ తీశారు..." అన్నాడు.

"స్కాన్ సంగతి తర్వాత. లిన్ ఆ ఏడాది ఎన్ని ఆటలు ఎగ్గొట్టాడో ముందది చెప్పు."

నార్బర్ట్ కప్పు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత లిన్ గురించే మాట్లాడాడు. ఇంకో రెండుసార్లు కూడా అలాగే మొదలుపెట్టాడు, అలాగే ఆగిపోయాడు. ఆ తర్వాత ఆ ప్రయత్నమే మానేశాడు. కాజ్ మాత్రం స్నేహితుణ్ణి కాపాడుకుంటున్నానన్న ధీమాతో ఇంటికెళ్ళి నిద్రపోయేవాడు.

జులైలో ఒక శనివారం నార్బర్ట్ రాలేదు. మధ్యాహ్నం ఐరీన్ ఫోన్ చేసి, ఆసుపత్రిలో చేర్చామని, ఎముకల్లోకి పాకిందని చెప్పింది.

"ఎప్పుడు? ఏమీ లేదన్నారు కదా!"

"అదేంటి కాజ్? మార్చిలోనే తెలిసింది. నీతో చెప్పానన్నాడే!"

కాజ్ ఫోన్ పెట్టేసి ఆసుపత్రికి బయలుదేరాడు. తను నోరు కుట్టుకుని కాపలా కాసినన్నాళ్ళూ, కాపాడడానికి అక్కడ ఏమీ మిగల్లేదు.

ఆసుపత్రి మంచం మీద నార్బర్ట్ దుప్పటి మడతల్లో ఒక మడతలా ఉన్నాడు. కాజ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అలవాటైన మాటే నోటికొచ్చింది. "ఏరా, ఆ లిన్‌గాడు..."

"నువ్వే గెలిచావురా. బర్డే గొప్ప."

కాజ్ గభాల్న ముందుకి వంగాడు. "కాదు! లిన్. రెండు బహుమతులూ ఒకే ఏడాది. నువ్వన్నదే కరెక్టు. ఒప్పుకోకు, పోట్లాడు!"

"మొదట్నించీ నాక్కూడా బర్డేరా. ఇద్దరం ఒకే మాటంటే శనివారాలు ఎలా గడుస్తాయి?"

కాజ్ ఇక ఆపుకోలేకపోయాడు. ఆ ముసలి మొహం చిన్నపిల్లవాడి మొహంలా వంకరపోయింది. దిష్టి, నాలిక మీద మచ్చ, కంచె దాటిన ఆ బంతి, అన్నీ ఏకరువు పెట్టాడు.

"అందుకా?" అన్నాడు నార్బర్ట్. "నా రోగం గోల నీకు విసుగు పుట్టిందనుకున్నాను. అందుకే నోరు మూసుకున్నాను."

"విసుగా? నీ మీదా?"

"ఆ పోటీలో నువ్వు నా దగ్గరికి రాకముందే నా చెయ్యి చచ్చిపోయిందిరా. బంతి పట్టుకుంటేనే వేళ్ళు వణికాయి. నీ నాలిక ఏం చేస్తుంది? ఊరికే నవ్వులాటకి అన్నాను."

"ఒక్కసారి చెప్పి ఉంటే..."

"నువ్వు ఒక్కసారి అడిగి ఉంటే..."

కాజ్ ఆ ఎముకల చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "ఎలా ఉన్నావురా?" అని అడిగాడు.

"భయంగా ఉంది," అన్నాడు నార్బర్ట్. "మార్చిలో అడగాల్సిందిరా. అప్పుడు చెప్పడానికి ఊపిరుండేది."

"చెప్పగలిగినంతే చెప్పు. నేనెక్కడికీ పోను."

మార్చిలో డాక్టరు గదిలోంచి బయటికొచ్చి, కారెక్కకుండా మంచులో ఎంతసేపు నిలబడ్డాడో చెప్పడంతో నార్బర్ట్ మొదలుపెట్టాడు. ఐరీన్‌కి తెలియకుండా స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చానన్నాడు. రెండు మాటలకొకసారి ఆగాల్సి వచ్చేది. కాజ్ వంగి, చెవి అతని నోటి దగ్గర పెట్టి విన్నాడు. మొదటిసారిగా మధ్యలో అడ్డు తగల్లేదు. సాయంత్రం నర్సు వచ్చి ఇక లేవమనేసరికి మార్చి నెల సంగతులు కూడా చెప్పడం పూర్తికాలేదు. మిగతాది పొద్దున్నే వచ్చి వింటానని కాజ్ మాటిచ్చాడు.

తెల్లవారకముందే నార్బర్ట్ వెళ్ళిపోయాడు. ఏప్రిల్, మే, జూన్ నెలల్లో, తను ఎదురుగా కూర్చుని ఫిడ్రిచ్ అని గొంతు చించుకుంటున్నప్పుడు, అతను లోపల ఒక్కడే ఏమేం అనుకున్నాడో కాజ్‌కి ఇప్పటికీ తెలియదు.