మా క్వారీలో మంచు కురవదు

నేను ఒక గేమ్ కంట్రోలర్‌ని. నల్లటి ప్లాస్టిక్ ఒళ్లు, రెండు బొటనవేళ్ల కింద రెండు పుల్లలు, వాటి పక్కన మీటలు, కడుపులో రెండు చిన్న మోటార్లు. తెర మీద గుర్రం పరిగెత్తినా, గోడ కూలినా ఆ మోటార్లు తిరిగి నేను వణుకుతాను. ఆడేవాళ్ల అరచేతులకు ఆ వణుకే నేల. కళ్లు లేనిదానివి ఇవన్నీ ఎలా చూశావని అడుగుతారేమో. నేను మాట్లాడ్డానికి ఒప్పుకున్నవాళ్లు, చూడ్డానికి కూడా ఒప్పుకోవాలి మరి. ఇక పిల్లలాట వస్తువని నన్ను తీసిపారేసేవాళ్లతో నాకు పాత తగువుంది. వాళ్లు చివరిదాకా కూర్చుని వినాలి.

నన్ను ఎక్కడో సముద్రం పక్కనున్న ఫ్యాక్టరీలో బిగించారు. బిగించిన అమ్మాయి నా మీటలన్నీ ఒకసారి నొక్కి, వణుకుతున్నానో లేదో చూసి పక్కకు పెట్టేసింది. ఆమె జీవితంలో ఏ ఆటా ఆడిన గుర్తు ఆ వేళ్లలో లేదు. ఓడెక్కి, లారీ ఎక్కి, చివరికి ప్రొద్దుటూరులో బట్టల కొట్ల వీధిలో ఒక మేడమీదికి చేరాను. అది ఖాదర్ బాషా నడిపే గేమ్ పార్లర్. అక్కడ నన్ను అందరూ రిమోటు అనేవాళ్లు. నేను రిమోటును కానని ఎన్నిసార్లు వణికినా ఎవరూ పట్టించుకోలేదు.

ఆ మేడమీదే నాకు మనుషులు అర్థమయ్యారు. కానిస్టేబుల్ చెన్నకేశవులు డ్యూటీ దిగి, యూనిఫాం మీద మామూలు చొక్కా తొడుక్కుని వచ్చేవాడు. అతనికి కావలసింది ఒక పెద్ద నగరం, అందులో దొంగిలించడానికి కార్లు, వెంటపడే పోలీసులు. పోలీసు జీపును గుద్ది పారిపోయినప్పుడల్లా పసిపిల్లాడిలా నవ్వేవాడు. బంగారు పని చేసే మౌనాచారి రోజంతా ఆవగింజంత పూసల మీద వంగి కూర్చుంటాడు. ఆయనకు అంతులేని గడ్డిమైదానం కావాలి. గుర్రమెక్కి ఏ పనీ లేకుండా ఆకాశం అంచు దాకా పోయేవాడు. రోహిణి కార్తె ఎండలో బ్యాగు మోస్తూ తిరిగే మందుల కంపెనీ కుర్రాడికి మంచు కొండలు తప్ప మరేదీ వద్దు. డిగ్రీ కాలేజీ లెక్చరరు ఒకాయన దెయ్యాల బంగళా పెట్టించుకుని, గదిలో లైటు మాత్రం ఆర్పొద్దని బాషాను బతిమాలేవాడు.

ఎవరికి ఏ చోటు ఇష్టమో చెబితే, వాళ్ల రోజు ఎలా గడిచిందో నేను చెప్పేయగలను అనుకునేదాన్ని. సముద్రమైనా, కోటైనా, పాడుబడ్డ నగరమైనా సరే, తామున్న చోటు కాకపోతే చాలు మనుషులకు. అదే నా సిద్ధాంతం. నాగవేణి వచ్చేదాకా.

నాగవేణి ఊళ్లో ఒక టైల్స్ షోరూంలో పనిచేసేది. ఇల్లు కట్టుకునేవాళ్లకు హాలు ఎలా ఉంటుందో, వంటగది ఎలా ఉంటుందో కంప్యూటర్లో బొమ్మ గీసి చూపించడం ఆమె పని. ఒక మధ్యాహ్నం మేడమెక్కి వచ్చి నన్ను అడిగి తీసుకుంది. అప్పటిదాకా అక్కడికి ఆడమనిషి వచ్చింది లేదు. అందరూ తమ ఆటలాపి చూశారు. ఆమె ఎవరినీ చూడలేదు. కోట ఉన్న ఆట పెట్టించుకుని, కోటలోకి పోకుండా దాని వెనక కొండ చుట్టూ నడవడం మొదలుపెట్టింది.

"ఏం మా, కత్తి చేతిలో ఉండాది, రాక్షసుడు ఎదురుగా ఉండాడు. నువ్వేమో రాళ్లు చూసుకుంటాండావ్!" అన్నాడు బాషా.

"రాక్షసుడు యాడికీ పోడులే బాషన్నా. ఈ కొండ చూడు. రాయి ఇట్ల పగలదు. ఎవురో రాయిని ఎప్పుడూ ముట్టుకోకుండా గీసినారు."

తర్వాత చాలాసార్లు వచ్చింది. ఎప్పుడూ గెలవలేదు, గెలవాలనీ చూడలేదు. అడవుల్లో, గుహల్లో, ఓడరేవుల్లో తిరిగేది. తిరిగి తిరిగి, "మా క్వారీ మాత్రం ఎవురూ పెట్టల్యా" అనేది, ఏదో విందులో తనవాళ్లకు విస్తరి వేయనట్టు.

ఫోన్లలోకి ఆటలు వచ్చాక మేడ ఖాళీ అయింది. బాషా పార్లర్ మూసేసి సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. సామాను అమ్మేస్తూ నన్ను మాత్రం నాగవేణి చేతిలో పెట్టి, "నువ్వు తప్ప దీనికి నడక ఎవురూ నేర్పల్యా మా" అన్నాడు. నాకు దక్కిన మెచ్చుకోలు అదొక్కటే.

నాగవేణి ఇల్లు ఊరి బయట రాతి పనివాళ్ల కాలనీలో. ఆమె తల్లి గంగులమ్మ నాపరాళ్ల క్వారీలో పనిచేస్తుంది. బండలు అంచులు కొట్టి చదును చేయడం, అవసరమైతే డ్రిల్లు పట్టుకోవడం ఆమె పని. నాగవేణి షోరూంకు పోయే ముందు, ఆదివారాలు, ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్లో తన ఆట తయారుచేయడం మొదలుపెట్టింది. మెట్లు మెట్లుగా తవ్విన నల్లటి గోతులు, వాటి అడుగున పచ్చగా నిలిచిన నీళ్లు, పనికిరాని రాళ్ల గుట్టలు, గుట్ట మీద యజమాని ఆఫీసు గది, అన్నిటినీ తెల్లగా కాల్చే ఎండ. అందులో చెప్పుల్లేని ఒక పిల్ల, తప్పిపోయిన తన మేకను వెతుక్కుంటూ తిరుగుతుంది. అంతే ఆట.

ఆ పిల్లను నడిపింది నేనే. గట్ల మీంచి లెక్కలేనన్నిసార్లు జారిపడ్డాను. పడ్డ ప్రతిసారీ నాగవేణి ఒక రాయిని జరిపేది. ఒకరోజు ఆటలో పిల్ల డ్రిల్లు దగ్గరికి పోతే నేనెంత వణకాలో తేల్చుకోవడానికి నన్ను తల్లి చేతిలో పెట్టింది. మోటార్లు పూర్తిగా తిరిగాయి. గంగులమ్మ ఉలిక్కిపడి నన్ను కింద పడేసింది. తర్వాత తన అరచేతులు చూసుకుని పకపకా నవ్వింది.

"ఆదివారం కూడా వదల్యా ఇది నన్ను!"

ఆట ఒక రూపానికి వచ్చాక, నాగవేణి దాన్ని బెంగుళూరులో ఆటలు చేసే ఒక కంపెనీకి పంపితే, వాళ్లు చూసి రమ్మన్నారు. ఆమె షోరూం పని మానేసి, నన్ను బ్యాగులో వేసుకుని బస్సెక్కింది. ఆ కంపెనీకి పెద్ద, ప్రత్యూష్ అనే హైదరాబాదాయన. మర్యాదస్తుడు. నన్ను చేతిలోకి తీసుకుని చాలాసేపు క్వారీలో తిరిగాడు. అతని వేళ్లు నిజంగానే ఆనందపడ్డాయి. ఆ మాట నేను దాచను.

"ప్లేస్ అదిరింది నాగవేణి గారూ. ఆ వెలుగు, ఆ రాయి... మా వాళ్లెవరూ ఇలా చెయ్యలేదు. కానీ క్వారీలోకి ఎవరొస్తారండీ? రోజంతా పనిచేసి అలిసిపోయినవాడు ఇంకో చోటికి పోదామని ఆడతాడు. మంచు పెడదాం. గోతులన్నీ మంచులోయలు, ఆ ఆఫీసు గది ఒక కోట. ఆటను మేం తీసుకుంటాం, మీకిక్కడే ఉద్యోగం."

నిజానికి అతను చెప్పింది నా సిద్ధాంతమే. మేడమీద నేర్చుకున్న పాఠం ఇంకొకరి నోట విన్నప్పుడు మాత్రం నాకెందుకో ఒళ్లు మండింది.

భోజనాలయ్యేసరికి అతని మనుషులు నమూనాగా మంచు వేసి చూపించారు. అందంగానే ఉంది. నల్లరాయి ఎక్కడా కనబడలేదు. నాగవేణి ఆ తెల్లదనంలో తన పిల్లను నాలుగడుగులు నడిపించి ఆగింది.

"చెప్పుల్లేని పిల్ల మంచులో ఎట్ల నడుస్తాది సార్?"

"బూట్లేద్దాం. ఎంతసేపు?"

"బూట్లేస్తే ఆ పిల్ల మేకనెందుకు ఎతుకుతాది సార్? బూట్లుండేవాళ్ల మేకను ఇంకెవురో ఎతుకుతారు."

ప్రత్యూష్ నవ్వాడు. ఆమె నవ్వలేదని గమనించి ఆపేశాడు. "ఆలోచించుకోండి. ఇలాంటి అవకాశం ఊరికే రాదు" అన్నాడు మెల్లగా.

నాగవేణి నా వైరు ఊడబీకి చుట్టుకుంది. "మా క్వారీలో మంచు కురవదు సార్."

బయటికి వచ్చేదాకా ఆమె నడక నిటారుగా ఉంది. బస్సులో మాత్రం చేయి బ్యాగులో పెట్టి నన్ను గట్టిగా పట్టుకుని కూర్చుంది. చేయంతా చెమట. ఉన్న పని వదులుకుంది, వచ్చిన పని కాదంది. ఇంటికెళ్లి తల్లికి ఏం చెప్పాలో ఆ వేళ్లకు తెలియలేదు.

"మంచే కదే, రోంత చల్లంగుండు కదా! ఏసియ్యమనకపోయినావా?" అంది గంగులమ్మ అంతా విని. తల్లి కాసేపు పొయ్యి ముందు గిన్నెలు చప్పుడు చేసింది. తర్వాత తనే అంది: "ఆదివారం మనోళ్లకు చూపీ. వాళ్లు బాగల్యా అంటే అప్పుడు ఏద్దువులే మంచు."

బాషా తన పార్లర్ నాటి టీవీ మోసుకొచ్చాడు. కాలనీ బడి వరండాలో పెట్టారు. పనివాళ్లంతా ముందు చాలా సిగ్గుపడ్డారు. డ్రిల్లు కొట్టే ఓబులేసు మొదట నన్ను పట్టుకున్నాడు. మేకను వెతకమని నాగవేణి చెబుతూనే ఉంది. ఆయన మేకను పట్టించుకోనే లేదు. నేరుగా గుట్టెక్కి యజమాని ఆఫీసు గది ముందు నిలబడి తలుపు తోశాడు. అది తెరుచుకోలేదు. తర్వాత పట్టుకున్నవాళ్లూ అదే. అందరూ ఆ తలుపు దగ్గరికే.

"ఏం పాపా, ఇది తెరుచుకోదే?" అన్నాడు ఓబులేసు.

"తెరుచుకోదు సిన్నాయనా. లోపల ఏమీ చెయ్యల్యా. నేనా గది లోపల ఎప్పుడూ చూళ్యా."

"మేం మాత్రం యాడ చూసినాం? పిలిస్తే గడప బయట నిలబడి పలికేదేగా."

అందరూ ఒక్కసారిగా అరవడం మొదలుపెట్టారు. తలుపు తెరిపించాల్సిందే అని. లోపల ఏం పెట్టమంటారో చెప్పమంది నాగవేణి. పరుపు పెట్టమన్నాడొకడు. చల్లనీళ్ల మిషన్ పెట్టమంది ఒకావిడ. ఓబులేసుకు తిరిగే కుర్చీ కావాలి. గంగులమ్మ చివరికి నోరు విప్పింది.

"ఖాళీగా పెట్టు. చల్లంగ పెట్టు. లోపల కూచుంటే ఎవురూ 'యాడ సచ్చినావు గంగులమ్మా' అని పిలవగూడదు."

అదే ఖాయమైంది. అంత తొందరగా నలుగురు ఒక మాట మీదికి రావడం నేను మరెక్కడా చూడలేదు.

మరుసటి ఆదివారం వరండా కిక్కిరిసింది. గంగులమ్మ నన్ను పట్టుకుని పిల్లను గుట్ట ఎక్కిస్తోంది. అప్పుడే, యజమాని తరఫున ఆ గదిలో కూర్చునే క్వారీ మేనేజరు గుర్విరెడ్డి బండి మీద వచ్చాడు. సంగతి అప్పటికే ఆయన చెవిన పడింది.

"ఎవుర్నడిగి మా ఆఫీసును ఇందులో పెట్టినారు? ఆపండి ముందు!"

నాగవేణి టీవీకి అడ్డంగా నిలబడింది. "ఇది మీ ఆఫీసు కాదు సార్. నేను చేసింది."

గుర్విరెడ్డి ఆమెతో మాట్లాడలేదు. తల్లి వైపు తిరిగాడు. "గంగులమ్మా, ఆ రిమోటు ఇట్లియ్యి. రేపు పనికి రావల్లనా, వద్దా?"

నా మోటార్లు తిరగడం లేదు. అయినా నేను వణుకుతున్నాను. ఆ వణుకు ఆమె చేతులది. ఎన్నో ఏళ్లు ఆ గొంతు వినగానే లేచి నిలబడిన మనిషి. ఈసారి కూడా లేస్తుందనే అనుకున్నాను. ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు.

"ఉండు సామీ, లోపలికి పోతాండా. ఈడదాంకా వచ్చి బయట నిలబడల్యాను."

తలుపు తెరుచుకుంది. గుర్విరెడ్డి కోపం మరిచిపోయి ముందుకు వంగాడు. లోపల తెల్లటి గోడలు, నీడ, చల్లదనం. కుర్చీ లేదు, బల్ల లేదు.

"ఇందులో నేను లేనే?" అన్నాడు. ఆ మాట ఆయన నోటి నుంచి అనుకోకుండా జారింది.

"ల్యావు సామీ. ఎవురూ అడగల్యా" అన్నాడు ఓబులేసు వెనక నుంచి.

వరండా అంతా నవ్వింది. గుర్విరెడ్డి బండెక్కి వెళ్లిపోయాడు. మర్నాడు గంగులమ్మకు పని లేదన్నారు. ఇంకో క్వారీలో చోటు దొరికేసరికి వానలు వచ్చి పోయాయి. ఆ రోజుల్లో ఆ ఇంట్లో కష్టంగానే గడిచింది. ఆ కష్టాన్ని తీపి చేసి చెప్పడం నాకు రాదు. నాగవేణి ఇంట్లోనే కూర్చుని ఇళ్ల బొమ్మలు గీసి ఇస్తూ ఆటను పూర్తిచేసింది. ఏ కంపెనీ పేరూ లేకుండా తన పేరుతోనే నెట్‌లో పెట్టింది. జనం విరగబడి కొనలేదు. కానీ కొనేవాళ్లు కొంటున్నారు. వాళ్లలో ఎక్కువమంది నిజంగా మంచు కురిసే దేశాలవాళ్లేనట. ఆ ఎండ తమకు చాలా నచ్చిందని రాస్తున్నారట. ఈ మాట చదివి నాగవేణి చాలాసేపు నవ్వింది. నేను మాత్రం ప్రత్యూష్‌కు ఎవరైనా చెబితే బాగుండుననుకున్నాను.

ఇప్పుడు నా ఎడమ పుల్ల అరిగిపోయింది. ఎవరూ తోయకపోయినా పిల్ల తనంతట తాను పక్కకు నడిచిపోతుంది. నాగవేణి కొత్త కంట్రోలర్ కొంది. నన్ను పారేయమని బాషా కూడా చెప్పాడు. వినలేదు గంగులమ్మ. కొత్తది చేతిలోంచి జారిపోతుందట. అందుకని ఆదివారం భోజనం కాగానే నన్నే తీసుకుంటుంది. పక్కకు లాగే పిల్లను తిట్టుకుంటూ గుట్టెక్కించి, గదిలోకి తీసుకెళ్లి, మూలన కూర్చోబెడుతుంది. తర్వాత నన్ను ఒడిలో పెట్టుకుని, గోడకు తల ఆనించి నిద్రపోతుంది. తెర మీద ఏమీ జరగదు. మేక ఎక్కడో అరుస్తూ ఉంటుంది. ఆమెను లేపగల మోటార్లు నా కడుపులో ఇంకా బాగానే ఉన్నాయి. ఎవరు వచ్చి అడిగినా సరే, నేను లేపను.